తలుపు వేసుకుని కొట్టిన పనసపొట్టు

టక్ టక్ మంటూ అత్తగారు పనసపొట్టు కొడుతున్నారు, నేను ఎదురుగా పీట మీద కూర్చుని ఉన్నాను, మా వంటిల్లు మాత్రం కదులుతోంది. మొదట పొయ్యి మీద గిన్నె ఊగుతోందనుకుంటాను, తరువాత గోడకు చేరేసిన చాట ఊగుతుంది, ఆ తరువాత గోడే ఊగుతుంది, కిటికీలోంచి చూస్తే అంతా గోదారి నీళ్ళు, అంటే మేము కోటిపల్లి రేవులో పంటు మీద ఉన్నామన్నమాట, వంటిల్లు వంటిల్లుగానే పంటెక్కి ఏరు దాటుతోంది, ఆ సంగతి నాకు వింతగా తోచదు, పొయ్యిలో నిప్పు తడవకుండా ఉంటే చాలుననిపిస్తుంది.

అత్తగారు పోయి ఏడాదయిందని నాకు తెలుసు. ఇవాళ ఆవిడ సంవత్సరీకమనీ తెలుసు. అవతలి ఒడ్డున ఇసుకలో ముగ్గురు భోక్తలు విస్తళ్ళ ముందు కూర్చుని ఉన్నారు, మావారు తడిబట్టలతో వాళ్ళ పక్కన నిలబడి ఇటే చూస్తున్నారు, పంటు ఒడ్డుకు తగిలేలోపల పొట్టు తయారై కూర పొయ్యెక్కాలి, లేకపోతే విస్తట్లో పనసకూర వడ్డించే చోటు ఖాళీగా ఉండిపోతుంది. తద్దినానికి పనస ఒక్కటి వండితే ఆరువందల కూరలు వండినట్టని అత్తగారు అంటూ ఉండేవారు, అది లేకపోతే లోటెంతో నేను లెక్క కూడా వెయ్యలేను.

"అత్తయ్యగారూ, ఇది మీ తద్దినమండీ. మీరు కొట్టకూడదేమో," అంటాను.

"ఎవరు చెప్పారే?"

"శాస్త్రంలో..."

"శాస్త్రంలో పంటు మీద వంట చెయ్యమని ఉందా?" అంటారు ఆవిడ తలెత్తకుండా. "ఆ నూనెగిన్నె ఇలా తొయ్యి."

తోస్తాను. ఆవిడ ముఖం ఎనభైనాలుగేళ్ళ ముఖం, చివరి రోజుల్లో ఉన్నట్టే బుగ్గలు లోపలికి పోయి ఉంది, చేతులు మాత్రం నేను కాపురానికి వచ్చిన కొత్తలో చూసిన చేతులు, మణికట్టు దాకా నూనె పట్టించి నిగనిగలాడుతున్నాయి. చెక్కు తీసిన పనసకాయను తొడిమ పట్టుకుని చెక్క మీద నిలబెట్టి, బరువైన కత్తితో దాని ఒళ్ళంతా అడ్డంగా ఓసారి, నిలువుగా ఓసారి గాట్లు పెట్టి, ఆ పైన కత్తిని పడుకోబెట్టి సన్నగా చెక్కేస్తుంటే పొట్టు కొబ్బరి కోరులాగా రాలుతోంది. ఓ చిటికెడు అరచేతిలోకి తీసుకుని ఉఫ్‌మని ఊదుతారు. అది ఎగిరి కిటికీలోంచి గోదారి మీదికి పోతుంది. ఎగిరితే అది పొట్టు, ఎగరకపోతే ముక్కలని ఆవిడ లెక్క.

ఇంత సన్నగా ఎందుకండీ అని కొత్తలో ఒకసారి అడిగాను. "పితృదేవతలకి పళ్ళుండవే పిచ్చిదానా," అన్నారు. నేను నిజమేననుకుని పురోహితుడిగారిని కూడా అడిగాను, ఆయన నవ్వి, అలా ఎక్కడా రాసి లేదమ్మా, మీ అత్తగారు చెప్పారంటే మాత్రం నేను కాదనలేను అన్నారు. ఎనిమిదో తరగతితో చదువు ఆపిన దాన్ని, ఏది రాసి ఉందో ఏది అత్తగారు కల్పించారో విడదీయడం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

"మరి ఇప్పుడు మీకు పళ్ళున్నాయా అత్తయ్యగారూ?" అని అడుగుతాను.

ఆవిడ నోరు తెరిచి చూపిస్తారు. నాకు భయం వేసి కళ్ళు మూసుకుంటాను. తెరిచేసరికి నోరు మూసేసి నవ్వుతున్నారు.

"చూడమని చూపిస్తే కళ్ళు మూసుకుంటావు. నీకిది మొదటినుంచీ ఉన్నదే," అంటూ రెండో కత్తి నా వైపు తోస్తారు. "నువ్వూ కొట్టు. ఒడ్డు వస్తోంది."

కొడతాను. కొట్టిన ముక్కను మళ్ళీ కొడతాను. అది చిన్నదవడానికి బదులు పెద్దదవుతుంది. రెండు చేస్తే రెండూ నిమ్మకాయలంత అవుతాయి, నాలుగు చేస్తే నాలుగూ వంకాయలంత అవుతాయి, కత్తి తిప్పిన కొద్దీ నా ముందు గుట్ట పెరుగుతోంది, చేతికి నూనె రాసుకోవడం మరిచిపోయానని అప్పుడు చూసుకుంటాను, పనసపాలు వేళ్ళ మధ్య బంకగా సాగి గాజులు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, కత్తిపిడి అరచేతిని వదలడం లేదు. పెళ్ళయిన మొదటి ఏడు నిజంగా ఇలాగే జరిగింది. మాది నరసరావుపేట అవతల పల్లె, మిరపతోటలు తప్ప పనసచెట్టు ఎరగని నేల, ఉత్త చేతులతో పనసకాయ పట్టుకున్న కోడల్ని చూసి ఇల్లంతా నవ్వింది, మావారూ నవ్వారు, అత్తగారు మాత్రం నవ్వకుండా నా చేతిలోంచి కత్తిని నూనె పోసి పోసి ఊడదీశారు.

"ఏమే రాజ్యం, ఆ ముక్కలేమిటి, గుమ్మడికాయ దప్పళానికా?" అంటారు ఇప్పుడు.

"చిన్నవి అవడంలేదండీ."

"మీ పుట్టింట్లో పనసకాయని గొడ్డలితో నరుకుతారేమో."

"మా పుట్టింట్లో పనసకాయే లేదండీ."

"అదే కదా నా గోల."

నేను లేచి నిలబడతాను, నిలబడితే అది రామచంద్రపురం బస్టాండు, నా ముక్కలన్నీ బస్సుల మధ్య నేల మీద పడి ఉన్నాయి, జనం సంచులు పట్టుకుని వాటిని దాటుకుంటూ పోతున్నారు, ఎవరో ఒకాయన, ఏమ్మా ఇవి తద్దినానివా అని అడుగుతున్నాడు, మైల తగులుతుందని నేను కొంగు దోపుకుని ఒక్కొక్కటే ఏరుతుంటాను, ఏరినవి ఏరినట్టే జారిపోతున్నాయి. ఎంత ఏరినా తరగని ఆ ముక్కల్లో నాకు తెలిసిన ముక్క ఒకటి కనబడుతుంది. బొటనవేలంత ఉంది, ఒక పక్క ముల్లు చెక్కు ఇంకా పోలేదు. అది నేను కొట్టింది కాదు. అది అత్తగారు కొట్టింది, కిందటేడు కాక ముందటేడు, చైత్రంలో, మావగారి తద్దినం నాడు.

ఆ ముక్కను గుప్పిట్లో దాచేస్తాను.

"ఏమిటే దాస్తున్నావు?" వెనకనుంచి అత్తగారు. బస్టాండు లేదు, పంటు మీది వంటింట్లోనే ఉన్నాము.

"ఏం లేదండీ."

"ఏం లేకపోతే గుప్పిట ఎందుకు?"

చెప్పాలనుకుంటాను. ఏడాదిగా చెప్పాలనుకుంటున్నది ఇదొక్కటే. ఆ ఏడు మావగారి తద్దినానికి కూడా ఆవిడే పొట్టు కొట్టారు, నలభై ఏళ్ళపైగా మరొకరిని ముట్టుకోనివ్వలేదు, తన భర్త విస్తట్లోకి తన చేతి పొట్టే వెళ్ళాలని ఆవిడ పట్టు. కాని చెయ్యి వణుకుతోంది, కంట్లో శుక్లం, చాటలో పడుతున్నవన్నీ బొటనవేలంత ముక్కలు. ఊది చూసుకున్నారు. ఎగరలేదు. గాలి లేదు ఇవాళ అన్నారు. నేను కడిగి తెస్తానండీ అని చాట తీసుకుని, కొట్టుగదిలోకి వెళ్ళి, తలుపు వేసి గడియ పెట్టి, చప్పుడు బయటికి రాకుండా చెక్క కింద తువ్వాలు మడత పెట్టి, ఆ ముక్కలన్నీ మళ్ళీ కొట్టాను. తలుపు తీసేసరికి ఆవిడ ఎదురుగా పీట మీద కూర్చుని తలుపు వైపే చూస్తున్నారు. "పొట్టు కడగడానికి ఇంతసేపా," అన్నారు, అంతే. భోక్తలు కూర మెచ్చుకున్నారు. అత్తగారు ఆ తరువాత కత్తి పట్టలేదు. నాకు ఓపిక లేదు నువ్వే చూసుకో అన్నారు, వంటింటి గడప దాటి లోపలికి రావడమే తగ్గించేశారు, మళ్ళీ ఫాల్గుణం వచ్చేసరికి పోయారు. చూశారో లేదో నాకు తెలీదు. నేను అడగలేదు. ఆవిడ చెప్పలేదు. రోజూ దీపం పెట్టేటప్పుడు అమ్మవారిని అడుగుతాను, అత్తగారు మనసు కష్టపెట్టుకుని పోయారా తల్లీ అని. అమ్మవారు ఎవరి గుట్టూ బయట పెట్టదు.

"అత్తయ్యగారూ, ఆ రోజు..." అంటాను.

"ఏ రోజు?"

"మావగారి తద్దినం నాడు..."

"ఏ తద్దినం? ఏడాదికొకటి పెట్టారు."

ఈలోగా నా పక్కన ఓ తలుపు కనబడుతుంది, గోడ లేదు, తలుపు ఒక్కటే పంటు మీద నిలబడి ఉంది, మా కొట్టుగది తలుపే, పసుపు రాసిన గడప కూడా ఉంది. ఆ గుప్పిట్లో ముక్కతో అందులోకి వెళ్ళిపోయి తలుపు వేసుకుంటే బాగుండునని నాకు ఎంతో తొందరగా ఉంటుంది, వెళ్ళి లాగుతాను, పడదు, మళ్ళీ లాగుతాను, కింద ఏదో అడ్డం ఉంది. వంగి చూస్తే పనసకాయ తొడిమ. అత్తగారు చెక్కి వదిలేసిన తలభాగం, పాలు కారుతూ, గడపకూ తలుపుకూ మధ్య.

"అది తియ్యకు. నేనే పెట్టాను," అంటారు ఆవిడ.

"ఎందుకండీ?"

"నీకు తలుపులు వేసుకోవడం అలవాటు."

నా గుప్పిట తెరుచుకుంటుంది. ముక్క చెక్క మీద పడుతుంది. ఆవిడ దాన్ని వేళ్ళతో తిప్పి చూస్తారు, ముల్లు చెక్కును గోటితో గీరుతారు.

"ఇది నాదే," అంటారు.

"మీరు చూశారా?"

"చూడటమెందుకు, పొట్టు తిన్నానుగా. భోక్తలయ్యాక మనం తినలేదూ? నా చెయ్యి నాకు తెలీదా? నా పొట్టు నోట్లో వేసుకుంటే ఒకలా ఉంటుంది. అది నాది కాదు."

"కోపం వచ్చిందా?"

"వచ్చింది."

ఇంత సూటిగా చెబుతారని నేననుకోలేదు. పంటు ఒక పక్కకు ఒరుగుతుంది, గిన్నెలు జారుతాయి, నేను చాటను పట్టుకుంటాను, ఒడ్డున మావారు చేతులు ఊపుతున్నారు, ఎండ అప్పుడే పడమటికి వాలుతోంది, భోక్తలలో ఒకాయన విస్తరిని గాలికి ఎగరకుండా నొక్కి పట్టుకున్నాడు.

"ఆ రోజు మీ చేతులు వణికాయండీ. మీకు చెబితే నొచ్చుకుంటారని..." అంటాను.

"నువ్వు మళ్ళీ కొట్టినందుకు కాదే కోపం. తలుపు వేసుకుని కొట్టావు చూడు, అందుకు. చెక్క కింద తువ్వాలొకటి. ఆ చప్పుడు బయటికి వినబడి ఉంటే, నేను కూడా వచ్చి పక్కన కూర్చునేదాన్ని. ఇద్దరం కొట్టేవాళ్ళం. ఆయనకి పెట్టే ఆఖరి పొట్టు అది. నా ఇంట్లో, నా ఆయన తద్దినానికి, నన్ను గుమ్మం బయట కూర్చోబెట్టావు."

నాకు ఏడుపు వస్తుంది, కాని కత్తి అతుక్కున్న చేత్తో కళ్ళు తుడుచుకోలేను. తప్పయిపోయిందండీ అంటాను. ఆ మాట ఆవిడ విన్నారో లేదో, నా గుట్టలోంచి ఒక్కొక్క ముక్కే తీసుకుని కొడుతున్నారు, ఆవిడ కత్తి కింద అవి బుద్ధిగా చిన్నవవుతున్నాయి.

"నీ ముక్కలు నేను నాలుగేళ్ళు కొట్టాను," అంటారు ఉన్నట్టుండి.

"ఎప్పుడండీ?"

"నువ్వు కాపురానికొచ్చిన కొత్తలో. మిగతా రోజుల్లో నువ్వు పొట్టు కొట్టి చాటలో పోసి మడి విప్పుకోవడానికి వెళ్ళేదానివి గుర్తుందా. పెరటి అరుగు మీద కూర్చుని అంతా మళ్ళీ కొట్టేదాన్ని. నువ్వు వచ్చి చూసేదానివి కూడాను."

గుర్తుంది. అరుగు మీద చాట, ఒళ్ళో చెక్క, ఆవిడ కాళ్ళ మీద ఎండ. ఏం చేస్తున్నారండీ అని అడిగితే, నారలు ఏరుతున్నానే అనేవారు. పనసలో నార పీచులుంటాయి కదా, వాటిని ఏరుతున్నారని నేను నిజంగానే అనుకున్నాను.

"నారలు ఏరుతున్నానన్నారు కదండీ."

"నారలు ఏరడానికి కత్తెందుకే?"

నేను ఆవిడ వైపు చూస్తాను. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఈ ప్రశ్న నాకు ఎందుకు రాలేదో తెలియదు. ఆవిడ నవ్వుతున్నారు, నోట్లో ఒక్క పన్ను లేదు, ఈసారి నేను కళ్ళు మూసుకోను.

"మరి మీరు కూడా అబద్ధమే చెప్పారుగా," అంటాను, కొంచెం ధైర్యం వచ్చి.

"చెప్పాను. నాది అరుగు మీది అబద్ధం. నీకు కళ్ళుంటే కనబడేది. నీది గడియ పెట్టిన అబద్ధం."

"రెండింటికీ తేడా ఉందా అత్తయ్యగారూ?"

ఆవిడ కత్తి ఆపుతారు. ఆలోచిస్తున్నట్టు కిటికీలోంచి నీళ్ళు చూస్తారు. "ఉందనే అనుకునేదాన్ని," అంటారు నెమ్మదిగా. "నువ్వు అడిగాక ఏమో. అరుగు మీదే కొట్టాను గాని, లావుగా ఉన్నాయని నీ ముఖం మీద చెబితే రెండు రోజులు ఏడ్చి నేర్చుకునేదానివి. నాలుగేళ్ళు పట్టేది కాదు."

ఆ మాటతో ఆవిడ లేస్తారు. పొట్టంతా అయిపోయింది, చాట నిండా తెల్లగా ఉంది, పంటు అడుగు ఇసుకకు రాసుకుంటున్న చప్పుడు కాళ్ళలోకి వస్తోంది. నేను చాట అందుకోబోతే ఆవిడ ఇవ్వరు.

"ఇది నేను తినేదే కదా, నేను మొయ్యగలను. అసలు ఇవాళ ఒడ్డున నా కోసం పొట్టు ఎవరు కొడుతున్నారు?"

"హైమ అండీ. మీ మనవడి పెళ్ళాం. నా వేళ్ళు వాచిపోయాయని తనే కూర్చుంది."

"ఎలా కొడుతోంది?"

"కొంచెం లావుగా, అండీ."

అత్తగారు పంటు దిగి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, చాట నెత్తి మీద పెట్టుకుని, వెనక్కి తిరిగి నన్ను చూస్తారు. టక్ టక్ మంటూ కత్తి చప్పుడు ఇంకా వినబడుతూనే ఉంది, ఆవిడ చేతిలో కత్తి లేదు, నా చేతిలోదీ ఎప్పుడో ఊడిపోయింది.

"చెప్పావా?" అంటారు.

టక్, టక్. నేను కళ్ళు తెరిచాను.

వంటింటి గోడకు చేరగిలబడి కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉన్నాను. తెల్లవారుజామున లేచి తలస్నానం చేసి మడి కట్టుకున్నాను, పప్పు పొయ్యి మీద పెట్టాక హైమ, మీరు కాసేపు నడుం వాల్చండి అత్తయ్యగారూ అంటే, వాల్చకుండా ఆనుకున్నాను. మడిబట్టతో కునికితే మడి పోతుందో ఉంటుందో నాకు తెలీదు, అడుగుదామంటే చెప్పవలసిన మనిషి తద్దినమే ఇవాళ. పప్పు ఇంకా ఉడుకుతూనే ఉంది. అవతల గదిలో మావారు దర్భలు సర్దుకుంటున్నారు. భోక్తలు రావడానికి రెండు గంటలు పైన ఉంది.

హైమ నా వైపు వీపు పెట్టి పొట్టు కొడుతోంది. చాటలోకి చూశాను. సగం కాయ అయింది. బొటనవేలంత ముక్కలు. అత్తగారి మొదటి తద్దినం.

నేను అనుకోకుండానే చెయ్యి చాట దాకా వెళ్ళింది. "కడిగి తెస్తానమ్మా," అన్నాను.

"అప్పుడేనా అత్తయ్యగారూ? ఇంకా సగం ఉంది."

"అయినంత వరకూ," అని చాట ఎత్తుకున్నాను. కొట్టుగదిలో రెండో చెక్క ఎక్కడుందో నాకు తెలుసు. దండెం మీద తువ్వాలుంది. తలుపు దగ్గరికి వెళ్ళి, లోపలికి అడుగుపెట్టి, మోచేత్తో తలుపు తోశాను. అది పడలేదు. కింద ఏదో అడ్డం ఉంది. చూశాను.

పనసకాయ తొడిమ. పాలు ఇంకా కారుతున్నాయి.

"ఇక్కడ ఇదెవరు పెట్టారు?" అని అడిగాను.

"నేనే అత్తయ్యగారూ. గాలికి ఆ తలుపు ఊరికే కొట్టుకుంటోంది, మీకు మెలకువ వస్తుందేమోనని. తీసేయండి, నేను తరువాత పారేస్తాను."

నేను చాట పట్టుకుని అక్కడే నిలబడ్డాను. కలలో మాటలు ఆవిడవో, నా మనసు ఆవిడ నోట్లో పెట్టినవో నాకు తెలీదు, ఆవిడకి కోపం వచ్చిందో లేదో ఇప్పటికీ తెలీదు. చెక్క ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద ఎండలో కూర్చోవడం మాత్రం కల కాదు, ఆవిడ చేతిలో కత్తి ఉండటం కల కాదు. నారలు ఏరడానికి కత్తి అక్కర్లేదు.

రెండో చెక్క తీసుకుని, తువ్వాలు దండెం మీదే వదిలేసి, వెనక్కి వచ్చి హైమ పక్కన కూర్చున్నాను. వాచిన వేళ్ళకి నూనె రాసుకున్నాను. హైమ నా చేతిలో చెక్కను చూసి, చాటలోకి చూసి, కత్తి ఆపింది.

"లావుగా ఉన్నాయా?" అంది నెమ్మదిగా.

"గుమ్మడికాయ దప్పళానికైతే సరిపోతాయి," అన్నాను.

ఆమె ముఖం ఒక క్షణం చిన్నబోయింది. అంతలో తనే ఒక ముక్క తీసి వెలుతురులో తిప్పి చూసి, "నిజమే," అని, పీట జరిపి నాకు చోటిచ్చింది. "పొద్దున్నే చెప్పొచ్చు కదా అత్తయ్యగారూ. సగం కాయ అయ్యేదాకా ఎవరైనా ఆగుతారా?"

"మా ఇంట్లో ఆగుతారమ్మా," అన్నాను.

ఇద్దరం కొట్టడం మొదలుపెట్టాము, ఒకరి చప్పుడు ఒకరికి వినబడుతూ. వెనక కొట్టుగది తలుపు గాలికి ఒకసారి కదిలి, తొడిమకు తగిలి ఆగింది.